సంపద సేవల్లో... కొలువులెక్కడ?

పొలంలో పండేవి, గనిలో తవ్వేవి, ఫ్యాక్టరీలో తయారయ్యేవి పక్కన పెడితే, మనుషులు డబ్బిచ్చి పొందే మిగతావి దాదాపు అన్నీ సేవలే. బస్సు ప్రయాణం, బ్యాంకు అప్పు, బడి చదువు, ఆస్పత్రి వైద్యం, కిరాణా కొట్టు వ్యాపారం, లాయరు వాదన, సెలూన్‌లో క్షవరం, సెల్‌ఫోన్ రీఛార్జి, సినిమా ఆట అన్నీ ఈ ఖాతాలోకే వస్తాయి. జాతీయాదాయ లెక్కల్లో వీటిని మూడు పద్దులుగా చూపిస్తారు. వాణిజ్యం, హోటళ్లు, రవాణా, కమ్యూనికేషన్లు ఒక పద్దు. బ్యాంకులు, బీమా, రియల్ ఎస్టేట్, వృత్తి సేవలు మరొకటి. సాఫ్ట్‌వేర్ చేరేది ఇందులోనే. ప్రభుత్వ పాలన, రక్షణ, విద్య, వైద్యం మూడోది. ఇల్లు కట్టే పని పరిశ్రమల కింద లెక్కకు వస్తే, కట్టిన ఇంటి అద్దె సేవల కింద వస్తుంది. సొంతింట్లో ఉండేవాళ్లు ఎవరికీ అద్దె కట్టకపోయినా, బయట అద్దెకుంటే ఎంతయ్యేదో అంచనా వేసి ఆ మొత్తాన్ని కూడా కలుపుతారు.

దేశంలో ఏటా కొత్తగా పుట్టే విలువలో 2013-14లో సేవల వాటా 50.6 శాతం. 2024-25 నాటికి అది 55 శాతం దాటింది. అదే సమయంలో పనిచేసే వాళ్లలో సేవల మీద బతుకుతున్నవాళ్లు నూటికి 30 మందే. వ్యవసాయంలో దీనికి తలకిందులు: విలువలో వాటా 18 శాతం ప్రాంతంలో ఉంటే, దాన్నే నమ్ముకున్నవాళ్లు 46 శాతం. భారత ఆర్థిక వ్యవస్థ బలం, దాని బాధ రెండూ ఈ అంకెల మధ్యనే ఉన్నాయి.

పాతకాలపు అనుమానం

సేవకు ఒక స్వభావం ఉంది. పుట్టినప్పుడే ఖర్చయిపోతుంది. బియ్యం గోదాములో ఏడాది దాచుకోవచ్చు. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు బయల్దేరిన బస్సులో ఖాళీగా పోయిన సీటును మర్నాడు అమ్ముకోలేరు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ చాలావరకు ఎదురెదురుగా ఉండాలి. అందుకే తొలి ఆర్థికవేత్తలకు సేవల మీద గురి కుదరలేదు. ఆడమ్ స్మిత్ 1776లో రాసిన గ్రంథంలో ఇంటి నౌకర్ల శ్రమ ఏ వస్తువులోనూ నిలబడదు కాబట్టి అది సంపదను పెంచదన్నాడు. రాజును, సైన్యాన్ని, వైద్యులను, న్యాయవాదులను, సంగీతకారులను కూడా అదే జాబితాలో చేర్చాడు. సోవియట్ రష్యా తన జాతీయాదాయ లెక్కల్లో ఈ ఆలోచననే చాలాకాలం అమలు చేసింది. సరుకు మోసిన రైలు లెక్కలోకి వచ్చేది, చదువు, వైద్యం, పాలన వచ్చేవి కావు.

ఈ చూపు ఇరవయ్యో శతాబ్దంలో మారింది. 1935లో అలన్ ఫిషర్, 1940లో కోలిన్ క్లార్క్ ఆర్థిక కార్యకలాపాలను ప్రాథమిక, ద్వితీయ, తృతీయ రంగాలుగా విడదీశారు. ఆదాయం పెరిగేకొద్దీ జనం పొలం నుంచి ఫ్యాక్టరీకి, అక్కడి నుంచి సేవలకు మళ్లుతారని చెప్పారు. కడుపు నిండిన మనిషి రెట్టింపు తిండి తినడు. మంచి వైద్యం, మంచి చదువు, ప్రయాణం, వినోదం కోరుకుంటాడు. బ్రిటన్, అమెరికా, జపాన్ దాదాపు ఈ వరుసలోనే నడిచాయి. అమెరికాలో ఇవాళ ప్రతి అయిదుగురు ఉద్యోగుల్లో నలుగురు సేవల్లోనే ఉన్నారు.

అయితే ‘మూడో రంగం’ అన్న పేరు చూసి, సేవలు మిగతా రెండూ అయ్యాక చివర్లో వచ్చేవని అనుకుంటే పొరపాటు. అవి మొదటి రెండింటి లోపలే ఉంటాయి. గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే కాసేపు నిలబడితే ఇది తెలిసిపోతుంది.

ఒక మిర్చి టిక్కీ వెనక

పల్నాడు రైతు కల్లంలో ఎండబెట్టిన తేజ రకం కాయల్ని టిక్కీల్లో, అంటే బస్తాల్లో, తొక్కించి మినీ లారీలో యార్డుకు పంపుతాడు. రవాణా అక్కడే మొదలైంది. యార్డులో హమాలీలు టిక్కీలను దించి కమీషన్ కొట్టు ముందు వరసగా పేరుస్తారు. ఒక టిక్కీ కోసి మచ్చు తీస్తారు. కొనేవాళ్లు రంగు చూసి, గుప్పిట్లో నలిపి తేమ చూసి, తాలు ఎంత కలిసిందో చూసి ధర పలుకుతారు. ఆ తర్వాత కాటా, చీటీ, చెల్లింపు. ధర నచ్చకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతుంది. అక్కడిచ్చే బాండు మీద బ్యాంకు అప్పిస్తుంది. నిప్పంటుకుంటే నష్టం రాకుండా బీమా ఉంటుంది. ఎగుమతి వ్యాపారి కొంటే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందో లేదో ల్యాబులో పరీక్ష చేయించాలి, కంటెయినరు మాట్లాడాలి, రేవులో క్లియరింగ్ ఏజెంటు కాగితాలు చూడాలి, డాలర్లను బ్యాంకు రూపాయల్లోకి మార్చాలి. కాయ ఒక్కటే వ్యవసాయం. కల్లం దాటినప్పటి నుంచి చైనా వంటింటికి చేరేదాకా జరిగేవన్నీ సేవలు.

రైతు చేతికి చివరకు ఎంత వస్తుందనేది చాలావరకు ఈ సేవల నాణ్యతే తేలుస్తుంది. పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్న రైతు పంటను అతని కొట్లోనే దించాలి. ధర బాగాలేదని వెనక్కి తీసుకుపోయే స్వేచ్ఛ అతనికి ఉండదు. కోల్డ్ స్టోరేజీలో చోటు, బాండు మీద అప్పు దొరికిన రైతు ధర పెరిగేదాకా ఆగగలడు. ఇద్దరి పొలాల్లో ఒకే దిగుబడి వచ్చినా ఆదాయం వేరవుతుంది. బ్యాంకు, గోదాము, రోడ్డు, తూకం, సమాచారం అందని చోట ఉత్పత్తి పెరిగినా బీదరికం తగ్గదు. 1969 జులై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేయడానికి చెప్పిన కారణాల్లో పల్లెలకు, సాగుకు అప్పు అందకపోవడం ప్రధానమైనది. అంతకు చాలా ముందే, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1980లో జాతీయమైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఈ వరుసలో ఇటీవలి మెట్టు యూపీఐ. 2016లో మొదలైన ఈ చెల్లింపు విధానంలో 2023 ఆగస్టు నాటికి నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. కూరగాయల బండి మీదకు బ్యాంకు నడిచొచ్చిన మాట నిజం. వ్యాపారి నుంచి రుసుము తీసుకోకపోవడం వల్లే అది అంత కిందిదాకా చేరింది.

ఫ్యాక్టరీని దాటేసిన దేశం

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో దేశాదాయంలో సగం దాకా సాగు నుంచే వచ్చేది. క్లార్క్ చెప్పిన వరుసలో అయితే ఆ తర్వాత ఫ్యాక్టరీల వంతు రావాలి. రాలేదు. తయారీ రంగం వాటా దశాబ్దాలుగా 16, 17 శాతం దగ్గరే తచ్చాడుతోంది. సాగు వదులుకున్న చోటును ఎక్కువగా సేవలే ఆక్రమించాయి.

కారణాలు వెతకడం కష్టం కాదు. ఫ్యాక్టరీకి భూమి కావాలి, నిలకడైన కరెంటు కావాలి, రోడ్డు, రేవు, రకరకాల అనుమతులు కావాలి. వీటిలో ప్రతిదీ భారత్‌లో ఆలస్యమే. సాఫ్ట్‌వేర్‌కు చదువుకున్న పిల్లలు, కంప్యూటర్లు, ఒక ఉపగ్రహ లైను చాలు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరులో కేంద్రం తెరిచి ఉపగ్రహ మార్గంలో పని పంపడం మొదలుపెట్టింది. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు అలాంటి లైన్లను చిన్న కంపెనీలకూ అద్దెకిచ్చాయి. ఎగుమతి లాభాలపై పన్ను మినహాయింపు తోడైంది. ఇంగ్లిష్ చదువు, తక్కువ జీతాలు, అమెరికాలో రాత్రయితే ఇక్కడ పగలు కావడం కలిసొచ్చాయి. శతాబ్దం మారేటప్పుడు పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాయడం వల్ల వచ్చిన వైటూకే చిక్కు వేలమంది ప్రోగ్రామర్లకు పని పెట్టింది. ఆ పని అయిపోయాక కూడా పరిచయాలు మిగిలాయి. పెద్ద కాంట్రాక్టులు ఆ పరిచయాల మీదే వచ్చాయి.

ప్రభుత్వానికి కూడా సేవల మీద చూపు పడింది 1990ల్లోనే. మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా 1994లో టెలిఫోన్, సాధారణ బీమా, షేర్ బ్రోకర్లు అన్న మూడింటిపై 5 శాతంతో సేవాపన్ను తెచ్చారు. ఏటేటా పెరిగిన ఆ జాబితా 2017 జులైలో జీఎస్టీలో కలిసిపోయింది.

మాదాపూర్ నుంచి అమీర్‌పేట దాకా

తెలుగువాళ్లు ఈ మలుపును దగ్గరి నుంచి చూశారు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌కు వచ్చింది ఆ ఏడాదే. 2001లో గచ్చిబౌలిలో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ తెరుచుకుంది. తెలంగాణ ఐటీ ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో 2,41,275 కోట్లు. అప్పటికి ఉద్యోగుల సంఖ్య 9 లక్షలు దాటింది.

ఈ భవనాలకు సరుకు తయారైంది మాత్రం వేరేచోట. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని మీద ఒకటి వేలాడుతూ జావా, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ అంటూ పిలిచేవి. ఒంగోలు, ఖమ్మం, కర్నూలు, కరీంనగర్ నుంచి ఇంజినీరింగ్ పూర్తిచేసి వచ్చిన పిల్లలు హాస్టల్ గదిలో నలుగురైదుగురు సర్దుకుని, పొద్దున ఒక క్లాసు, సాయంత్రం ఒక క్లాసు వినేవారు. వాళ్ల వెంట టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, రెజ్యుమేలు తయారుచేసిపెట్టే దుకాణాలు పుట్టాయి. ఉద్యోగం దొరికి మాదాపూర్‌కు మారితే అక్కడ క్యాబ్ డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, వంటమనిషి, పీజీ హాస్టల్ యజమాని. ఒక సేవ ఇంకో సేవను పెంచుకుంటూ పోతుంది.

దీనికో చేదు పార్శ్వం ఉంది. పై తరగతి సేవలు నగరాన్ని వెతుక్కుంటాయి. మంచి ప్రోగ్రామరు, మంచి ఆస్పత్రి, అంతర్జాతీయ విమానాశ్రయం ఒకేచోట ఉంటేనే కంపెనీ వస్తుంది. కంపెనీ వచ్చినచోటికే అవి ఇంకా వస్తాయి. ఉమ్మడి రాష్ట్ర సాఫ్ట్‌వేర్ ఎగుమతుల్లో దాదాపు మొత్తం హైదరాబాద్ నుంచే వెళ్లేవి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు నగరాన్ని పంచుకోలేకపోయారు. ఇవాళ తెలంగాణ విలువలో దాదాపు మూడింట రెండు వంతులు సేవలవి. ఆంధ్రప్రదేశ్‌లో సాగు, చేపలు, రొయ్యలు, పశువులు కలిసి మూడో వంతు దాకా నిలుస్తుంటే, సేవలు నలభై శాతం పైచిలుకు. విభజన మీద జరిగిన వాదనల్లో నీళ్లు, నిధులు, నియామకాల మాట ఎంత వినిపించినా, ఆర్థికంగా అతి పెద్ద కోత ఇదే. నలభై ఏళ్లుగా సేవలన్నిటినీ ఒక్క నగరంలో పోగుచేసిన విధానానికి కోస్తా, రాయలసీమ పట్టణాలు ఇంకా మూల్యం చెల్లిస్తున్నాయి. వరంగల్, కరీంనగర్‌లు కూడా ఆ విధానం వల్ల బాగుపడలేదు.

సరిహద్దు దాటే నాలుగు దారులు

సేవ ఎదురెదురుగానే జరగాలన్న పాత షరతును టెలిఫోను తీగ తెంచేసింది. ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు 1995లో అమల్లోకి వచ్చిన సేవల ఒప్పందం, గాట్స్, సేవ ఒక దేశం నుంచి మరో దేశానికి నాలుగు దారుల్లో పోతుందని గుర్తించింది. మొదటిది, ఇచ్చేవాడూ తీసుకునేవాడూ ఎక్కడివాళ్లక్కడే ఉండి పని మాత్రం దాటడం. మాదాపూర్‌లో రాసిన ప్రోగ్రాము న్యూయార్క్ బ్యాంకులో నడవడం. రెండోది, కొనేవాడు రావడం. హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రులకు ఆఫ్రికా, గల్ఫ్ దేశాల రోగులు, డాలస్ విశ్వవిద్యాలయాలకు తెలుగు విద్యార్థులు వెళ్లడం ఈ దారే. మూడోది కంపెనీ పరాయి దేశంలో శాఖ తెరవడం. నాలుగోది మనిషి తాత్కాలికంగా వెళ్లి పనిచేయడం. అమెరికా ఏటా 85 వేలకు పరిమితం చేసిన హెచ్1బీ కొత్త వీసాల కోసం తెలుగు కుటుంబాలు లాటరీ ఫలితాలకు ఎదురుచూసేది ఈ దారిలోనే.

ధనిక దేశాలు మూడో దారిని బార్లా తెరవమని అడుగుతాయి, ఎందుకంటే పెట్టుబడి వాళ్లది. నాలుగో దారికి వచ్చేసరికి వీసా గోడ కడతాయి. భారత్ వాదన సరిగ్గా దీనికి ఎదురు. డబ్బు దాటడానికి ఉన్న స్వేచ్ఛ మనిషికి లేకపోవడం సేవల వాణిజ్యంలో అతి పెద్ద అన్యాయం.

దేశానికి ఈ వాణిజ్యం చేసే మేలు మాత్రం చిన్నది కాదు. 2023-24లో సేవల ఎగుమతులు 34,100 కోట్ల డాలర్లు. చమురు, బంగారం, ఎలక్ట్రానిక్స్ దిగుమతుల వల్ల సరుకుల వ్యాపారంలో వచ్చిన లోటులో సగానికి పైగా సేవల మిగులే పూడ్చింది. మిగతాదాన్ని చాలావరకు పూడ్చేది విదేశాల్లోని భారతీయులు ఇళ్లకు పంపే డబ్బు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లిన కూలీ, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడమనిషి పంపిన దిర్హమ్‌లు, దీనార్లు కూడా అందులో ఉన్నాయి. రూపాయి నిలబడడంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుకు ఎంత పేరొచ్చిందో, వీళ్లకు అందులో ఆవగింజంత కూడా రాలేదు.

రెండంతస్తుల ఇల్లు

ఇక ఉద్యోగాల దగ్గరికి వస్తే, సేవారంగం రెండంతస్తుల ఇల్లు; మధ్యన మెట్లు లేవు. పైన ఐటీ, బ్యాంకింగ్, కన్సల్టెన్సీ. జీతం, పీఎఫ్, ఆరోగ్య బీమా అన్నీ ఉంటాయి. కానీ 2023-24 నాటికి ఐటీ రంగం నేరుగా ఉపాధి చూపింది దేశం మొత్తం మీద 54 లక్షల మందికి. శ్రామికుల్లో నూటికి ఒక్కరు కూడా కారు. కింద చిల్లర కొట్లు, ఆటోలు, హోటళ్లు, ఇళ్లలో పని, కాపలా. పొలం వదిలి పట్నం వచ్చినవాడికి దొరికేది ఇదే. జీతం చీటీ ఉండదు, సెలవు ఉండదు. ఫ్యాక్టరీ ఒకప్పుడు పదో తరగతి చదివిన కుర్రాడికి నిలకడైన కొలువిచ్చి, అతని పిల్లల్ని ఇంజినీర్లను చేసింది. ఆ మధ్య మెట్టు ఇక్కడ సరిగా కట్టలేదు.

ఆర్థికవేత్త డానీ రోడ్రిక్ దీన్నే తొందరపాటుగా పారిశ్రామిక దశ దాటిపోవడం అంటారు. తయారీ రంగం లాగా సేవలు తక్కువ చదువున్నవాళ్లను పెద్ద ఎత్తున కలుపుకుని ఉత్పాదకత పెంచలేవన్నది ఆయన భయం. రఘురామ్ రాజన్, రోహిత్ లాంబా 2023లో తెచ్చిన పుస్తకంలో చైనా దారిలో పోవడానికి ఆలస్యమైందని, భారత్ సేవల మీదే నిలబడాలని వాదించారు. రెండు వాదాలూ చివరకు ఒకేచోట ఆగుతాయి: ప్రాథమిక విద్య, వైద్యం బాగుపడకపోతే ఏ దారీ సాగదు.

సేవల్లో ఉత్పాదకత ఎందుకు పెరగదో 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ వివరించారు. నలుగురు వాయించాల్సిన సంగీతాన్ని రెండు వందల ఏళ్ల కింద నలుగురే వాయించారు, ఇప్పుడూ నలుగురే కావాలి, అంతే సమయం పడుతుంది. ఫ్యాక్టరీలో మాత్రం అదే శ్రమతో ఎన్నో రెట్లు సరుకు వస్తోంది, జీతాలూ పెరుగుతున్నాయి. ఆ జీతాలతో పోటీపడి సంగీతకారుడికి, టీచరుకు, నర్సుకు కూడా పెంచక తప్పదు. టీవీలు చౌకవుతుంటే బడి ఫీజులు, ఆస్పత్రి బిల్లులు పెరుగుతూ పోవడానికి ఒక కారణం ఇదే. అందువల్లే ఈ రెండు సేవలను బజారుకు వదిలేసిన సమాజంలో మామూలు కుటుంబం అప్పులపాలవుతుంది.

కింది అంతస్తులో కొత్తగా చేరింది యాప్ పని. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం దేశంలో 2020-21లో ఇలాంటి గిగ్ కార్మికులు 77 లక్షలు, 2029-30కల్లా 2.35 కోట్లవుతారని అంచనా. బండి వాళ్లదే, పెట్రోలు వాళ్లదే, ప్రమాదం జరిగితే ఆస్పత్రి ఖర్చూ చాలాసార్లు వాళ్లదే. ‘భాగస్వామి’ అన్న పేరు పెట్టినంత మాత్రాన యజమాని బాధ్యత తీరదు. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ వీళ్లను తొలిసారి చట్టంలో గుర్తించి, యాప్ కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలంది. అది అమల్లోకి రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది.

దెబ్బ తగిలితే రెండంతస్తులకూ ఒకేలా తగలదు. 2020-21లో కొవిడ్ వచ్చినప్పుడు హోటళ్లు, వాణిజ్యం, రవాణా పద్దు దాదాపు అయిదో వంతు కుంగిపోయింది. ఐటీ ఇంటి నుంచి పనిచేసి నిలదొక్కుకుంది. ఇప్పుడు కృత్రిమ మేధ పై అంతస్తు తలుపు తడుతోంది. 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల కొలువుల కోత ప్రకటించింది. మరోపక్క విదేశీ కంపెనీలు తమ సొంత పనికోసం నడుపుకునే కేంద్రాలు దేశంలో 1,700 దాటాయి, వాటిలో 19 లక్షల మంది ఉన్నారు. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం ప్రకటించింది. డేటా కేంద్రానికి కరెంటు, నీళ్లు చాలా కావాలి. కట్టడం అయ్యాక మనుషులు కొద్దిమందే కావాలి. దాని చుట్టూ ఇంకెన్ని సేవలు పుడతాయన్న దాన్ని బట్టే విశాఖకు లాభం ఉంటుంది.

లెక్కలోకి రాని శ్రమ

మనిషికి మనిషే చేయాల్సిన పనులు ఎన్ని యంత్రాలొచ్చినా మిగులుతాయి. పసిపిల్లల్ని చూడడం, ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టడం, రోగికి మందివ్వడం అలాంటివి. రాబోయే కాలంలో పెద్ద సంఖ్యలో ఉపాధి పుట్టగల చోటు ఇదే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు సేవ తర్వాత ఎన్నో రాష్ట్రాలకు పాకి వేలమందికి డ్రైవర్లుగా, ప్రథమ చికిత్స చేసే టెక్నీషియన్లుగా కొలువిచ్చింది, ప్రాణాలూ కాపాడింది. ఇంజినీరింగ్ చదవని పిల్లలకు మర్యాదైన పని ఎలా దొరుకుతుందో అది చూపించింది.

ఇలాంటి పనిలో అధికభాగం ఇంట్లో ఆడవాళ్లు జీతం లేకుండా చేస్తున్నారు. డబ్బు చేతులు మారదు కాబట్టి జాతీయాదాయంలో అది కనిపించదు. 2024 కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి వెచ్చించే సమయం రోజుకు సగటున 289 నిమిషాలని తేలింది; మగవాళ్లలో అది 88 నిమిషాలు. దాదాపు అయిదు గంటలు ఇంటికే పోతే, ఆమె బయట కొలువు చేయాలంటే ముందు ఊళ్లో పిల్లల్ని చూసే కేంద్రం ఉండాలి, పనిచోటికి బస్సు ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం, తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మొదలైంది. దీంతో రెండో షరతు కొంత తీరింది.

మొదటి షరతు తీర్చాల్సింది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో కార్యకర్త పిల్లలకు తిండి పెడుతుంది, బరువు తూస్తుంది, అక్షరాలు నేర్పుతుంది, గర్భిణుల వివరాలు రాస్తుంది. ఇంత చేసినా ఆమెకిచ్చేదాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు కనీస వేతనం, గ్రాట్యుటీ అడుగుతూ 2023 డిసెంబరులో మొదలుపెట్టిన సమ్మె నెల దాటి సాగింది. అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు గ్రాట్యుటీకి అర్హులేనని సుప్రీంకోర్టు అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది.